పాత సైనికుడి కోటు: చీటీ చెప్పే చరిత్ర

పతకాలు, బిళ్ళలు కళ్లను తమవైపు లాగుతాయి. ఆ కోటు తొడుక్కున్న మనిషిని వెతకాలంటే మాత్రం చూపు ముందుగా లోపలి జేబు వైపు వెళ్లాలి.

1973 జూలై 12న, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, అమెరికాలోని సెయింట్ లూయిస్ శివార్లలో ఒక ప్రభుత్వ భవనం ఆరో అంతస్తులో మంటలు లేచాయి. అది జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రం. సైన్యంలో పనిచేసి వచ్చిన కోట్లమంది సర్వీసు ఫైళ్లు అక్కడే ఉండేవి. నిప్పు పూర్తిగా ఆరడానికి నాలుగు రోజులకు పైగా పట్టింది. 1912 నవంబరు 1 నుంచి 1960 జనవరి 1 వరకు సైన్యం నుంచి విడుదలైనవాళ్ల ఫైళ్లలో దాదాపు 80 శాతం పోయాయి. వైమానిక దళం ఫైళ్లలోనూ పెద్ద భాగం కాలిపోయింది. మొత్తం నష్టం 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్లని అంచనా. వాటికి నకళ్లు లేవు. మైక్రోఫిల్మ్ తీసిపెట్టలేదు. ఏ అలమరాలో ఎవరి ఫైలు ఉండేదో చెప్పే సూచీ అయినా లేదు.

రెండు ప్రపంచ యుద్ధాలు, కొరియా యుద్ధం ఈ కాలంలోనే జరిగాయి. అందువల్ల ‘మా తాత ఏ దళంలో ఉండేవాడు, ఎక్కడ పనిచేశాడు’ అని అడిగే అమెరికన్ కుటుంబాల్లో చాలావాటికి ప్రభుత్వం దగ్గర పూర్తి జవాబు దొరకదు. జీతాల చీటీలు, దళాల రోజువారీ నివేదికలు, పింఛను దరఖాస్తులు వెతికి, కాలిన ఫైలు స్థానంలో కొంత సమాచారాన్ని మళ్లీ కూర్చాల్సి వస్తోంది. ఈ పరిస్థితిలో పెట్టె అడుగున మిగిలిన సైనిక కోటు జ్ఞాపకచిహ్నం స్థాయి దాటి సాక్షి అయింది. సాక్షి అన్నాక దాని మాట ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న వస్తుంది. ఈ కథనం చెప్పదలచింది ఒకటే. సైనిక కోటు మీద ఎంత మెరిసే గుర్తు అయితే అంత తేలిగ్గా మారుతుంది. ఎవరి కంటా పడని గుర్తు అంత గట్టిగా నిలుస్తుంది. ఈ వరస తలకిందులు చేసుకుని మెరుపుతో మొదలుపెట్టినవాళ్లు ఒకరి యుద్ధాన్ని ఇంకొకరి ఖాతాలో రాసే ప్రమాదం ఉంది.

లోపలి జేబులో తేదీ

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ కోట్లలో ఇవాళ ఎక్కువగా కనిపించేది ‘ఐక్ జాకెట్’. జనరల్ ఐజన్‌హోవర్ ముద్దుపేరే దానికీ వచ్చింది. బ్రిటిష్ సైనికులు వేసుకునే పొట్టి ఉన్ని జాకెట్ ఆయనకు నచ్చింది. అలాంటిదే తన సైన్యానికీ కావాలన్నాడు. నడుము దగ్గర ఆగిపోయే ఆ జాకెట్‌ను అమెరికా సైన్యం 1944 నవంబరులో అధికారికంగా ఆమోదించింది. దాని లోపలి జేబులో ఒక గుడ్డ చీటీ కుట్టి ఉంటుంది. వస్తువు పేరు, ఛాతీ కొలత, పొట్టి పొడుగు చెప్పే అక్షరం, సరుకు నంబరు, నమూనా నంబరు, కుట్టిన కంపెనీ పేరు, కాంట్రాక్టు వివరాలు, ఫిలడెల్ఫియా క్వార్టర్‌మాస్టర్ డిపో లాంటి కొనుగోలు కేంద్రం పేరు దానిమీద అచ్చువేసి ఉంటాయి. సైనికుడికి ఈ చీటీతో పనిలేదు. అది గుమాస్తా కోసం, గోదాము కోసం పుట్టింది. ఎవరినీ మెప్పించడానికి రాసింది కాదు కాబట్టే దాన్ని ముందుగా నమ్మాలి.

ఈ చీటీ చదవడంలోనూ ఒక తడబాటుకు చోటుంది. చాలా చీటీల మీద రెండు తేదీలుంటాయి. ఒకటి ఆ నమూనాను ఖరారు చేసిన తేదీ, రెండోది కంపెనీతో కాంట్రాక్టు కుదిరిన తేదీ. ఒకే నమూనా తేదీ వేల కోట్ల మీద పడుతుంది. దాన్నే తయారీ తేదీ అనుకుంటే కోటు వయసు ఉన్నదానికంటే ఎక్కువగా లెక్కకొస్తుంది. కాంట్రాక్టు తేదీ సైతం ఒక వైపు హద్దునే చూపిస్తుంది. ఈ కోటు ఫలానా నెలకు ముందు పుట్టలేదని అది గట్టిగా చెబుతుంది. ఎప్పటివరకు తొడిగారో మాత్రం చెప్పదు. అమెరికా సైన్యం ఆకుపచ్చ యూనిఫాంలోకి మారింది 1950ల రెండో సగంలో. అంతవరకు ఐక్ జాకెట్, దాని తర్వాతి రూపాలు వాడుకలోనే ఉన్నాయి. 1945 నాటి చీటీ ఉన్న కోటును 1952లో ఇంకో కుర్రవాడు తొడిగి ఉండవచ్చు.

ఈ ఒక్క హద్దు ఎన్ని కథలను తూకం వేస్తుందో చూడండి. చైనా, బర్మా, ఇండియా రంగంలో పనిచేసిన సైనికుడి ఐక్ జాకెట్ ఒకటి ఉందనుకుందాం. 1943లో అస్సాం నుంచి బర్మా వైపు లెడో రోడ్డు వేస్తున్నప్పుడు తాత ఈ కోటులోనే ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. కానీ అప్పటికి ఆ జాకెట్‌కు ఆమోదమే లేదు. పైగా అస్సాం, ఉత్తర బర్మా అడవుల్లో, ఆ ఉక్కలో, ఆ వానలో దళసరి ఉన్ని జాకెట్ తొడిగి పనిచేసేవాళ్లు ఉండరు. ఇంతమాత్రాన తాత లెడో వెళ్లలేదని తేల్చేయకూడదు. తిరిగి వచ్చి సైన్యం నుంచి విడుదలయ్యేటప్పుడు చాలామందికి కొత్త జాకెట్ చేతికిచ్చి, దానిమీద వాళ్ల అర్హత ప్రకారం బిళ్ళలు కుట్టించి ఇంటికి పంపారు. అంటే కుటుంబం దాచుకున్నది యుద్ధంలో తొడిగిన బట్టను కాదు, ఇంటికి వచ్చిన రోజు తొడిగిన బట్టను. పెట్టెల్లో మిగిలిన కోట్లలో ఎక్కువ భాగం ఇలాంటివే కావడంలో వింత లేదు. యుద్ధం చేసిన బట్ట చినిగి, బురదపట్టి, పారేయాల్సిన స్థితికి చేరుతుంది. దాచుకోదగినంత బాగున్న కోటు కనిపిస్తే, అది ఎందుకు ఇంత బాగుందన్నదే మొదటి ప్రశ్న కావాలి.

బిళ్ళలు, పట్టీలు: కలిపి లెక్కపెట్టాలి

చీటీ కోటు పుట్టుకను చెబుతుంది. మనిషి ప్రయాణాన్ని చెప్పాల్సినవి పైనున్న గుర్తులు. అమెరికన్ పద్ధతిలో ఎడమ భుజం మీది బిళ్ళ సైనికుడు అప్పటికి ఉన్న దళానిది. యుద్ధం చివరి దశ నుంచి, అంతకుముందు యుద్ధంలో ఏ దళంతో ఉన్నాడో ఆ బిళ్ళను కుడి భుజం మీద పెట్టుకునే వీలు వచ్చింది. ఎడమ చేతి కింది భాగంలో ఏటవాలుగా కుట్టిన పట్టీ ఒక్కోటి మూడేళ్ల సర్వీసుకు గుర్తు. అడ్డంగా కుట్టిన చిన్న గీత ఒక్కోటి ఆరు నెలల విదేశీ సేవకు గుర్తు. కుడి జేబు పైన కుట్టిన బంగారు రంగు గద్ద బిళ్ళ సైన్యం నుంచి గౌరవంగా విడుదలయ్యాడని చెబుతుంది. విడుదలైనవాడు ఆ బిళ్ళతో కొన్నాళ్లు యూనిఫాంలో తిరగవచ్చు. యుద్ధం చివర మామూలు బట్టలకు కరువు ఉండటంతో ఇచ్చిన వెసులుబాటు అది.

విడివిడిగా చూస్తే వీటిలో ఏ ఒక్కటీ గట్టి సాక్ష్యం కాదు. నాలుగు కుట్లు విప్పితే బిళ్ళ మారిపోతుంది. అయినా కలిపి లెక్కపెడితే ఇవి బాగా పనికొస్తాయి. నాలుగు అడ్డగీతలుంటే రెండేళ్ల విదేశీ సేవ. పక్కన ఒకే ఒక ఏటవాలు పట్టీ ఉంటే మొత్తం సర్వీసు మూడేళ్లకు తక్కువ కాదు, ఆరేళ్లు నిండలేదు. గద్ద బిళ్ళ కూడా ఉంటే విడుదల 1946 ముగిసేలోపే జరిగి ఉండాలి. ఆ బిళ్ళ ఇవ్వడం అప్పటితో ఆగిపోయింది. ఇప్పుడు రిబ్బన్లు చూడాలి. చైనా, బర్మా, ఇండియా రంగంలో పనిచేసినవాళ్లకు ఇచ్చింది ఆసియా, పసిఫిక్ యుద్ధరంగపు రిబ్బను. భుజాన ఆ రంగం బిళ్ళ ఉండి, ఛాతీ మీద యూరప్ రంగం రిబ్బను ఒక్కటే ఉంటే ఎక్కడో మాట తప్పింది. బిళ్ళ తర్వాత కుట్టిందైనా కావాలి, రిబ్బను మారిందైనా కావాలి. ఒకే మనిషి జీవితానికి ఈ గుర్తులన్నీ సరిపోతున్నాయా అన్నదే పరీక్ష.

చైనా, బర్మా, ఇండియా రంగం బిళ్ళకు మన గడ్డతో నేరుగా సంబంధం ఉంది. 1942లో జనరల్ స్టిల్‌వెల్ నాయకత్వంలో ఏర్పడిన ఆ రంగానికి డాలు ఆకారపు గుర్తు ఇచ్చారు. కింద ఎరుపు తెలుపు చారలు, పైన నీలం మీద చైనా సూర్యుడు, భారత నక్షత్రం. అమెరికాలో యంత్రాల మీద అల్లినవాటికి తోడు, భారతదేశంలో బజారు దర్జీలు చేత్తో కుట్టినవి, జరీ తీగతో అల్లినవి, తోలు మీద రంగులు వేసినవి లెక్కలేనన్ని ఉన్నాయి. నక్షత్రం ఒకదానిలో లావు, ఒకదానిలో సన్నం. సూర్యకిరణాలు ఒకచోట సూటిగా, ఒకచోట మొద్దుగా ఉంటాయి. అధికారిక నమూనాకు సరిపోలేదని ఇలాంటి బిళ్ళను నకిలీ అనేస్తే పెద్ద పొరపాటే. ఇక్కడి దర్జీ చేయి పడిన బిళ్ళ, సైనికుడు నిజంగా ఇక్కడికి వచ్చాడనడానికి యంత్రపు బిళ్ళకంటే దగ్గరి సాక్ష్యం. నకిలీ భయం నిజంగా ఉండాల్సిన చోటు వేరే ఉంది. బర్మాలో 1944 మే 17న మిచీనా విమానాశ్రయాన్ని పట్టుకున్న మెరిల్స్ మారోడర్స్ దళంలో ఉన్నది సుమారు 3,000 మందే. యుద్ధకాలంలో వాళ్ల బిళ్ళకు అధికారిక ఆమోదం లేదు. పేరు పెద్దది, మనుషులు తక్కువ, నమూనా స్థిరం కాదు. ఈ మూడూ కలిసిన చోట నకిలీలు తయారవుతాయి.

బిళ్ళ అసలుదో కొత్తదో తేల్చడానికి బట్టనే అడగాలి. ఏళ్ల తరబడి కుట్టి ఉన్న బిళ్ళ కింద ఉన్ని రంగు వెలవదు. చుట్టూ వెలిసి, కింద ముదురుగా నిలిచిన ఆ నీడ బిళ్ళ ఆకారంలోనే ఉండాలి. గుండ్రటి నీడ మీద డాలు ఆకారపు బిళ్ళ ఉందంటే అక్కడ ఒకప్పుడు ఇంకేదో ఉండేది. ఖాళీ సూదిరంధ్రాల వరస సైతం అదే మాట చెబుతుంది. దారాన్ని అతినీలలోహిత దీపం కింద చూస్తే యుద్ధం తర్వాత మార్కెట్లోకి వచ్చిన పాలియెస్టర్ దారాలు, తెల్లదనం పెంచే రసాయనాలు పట్టిన దారాలు చాలావరకు మెరుస్తాయి. ఈ పరీక్షనూ గుడ్డిగా నమ్మకూడదు. అసలు నూలు దారమే అయినా, తర్వాతి కాలపు సబ్బుపొడితో ఉతికితే మెరుస్తుంది. కాబట్టి దీపం అనుమానాన్ని ఇస్తుంది. తీర్పు మిగతా సాక్ష్యాలతో కలిపే రావాలి.

చాకలి గుర్తు విలువ

తేదీ చీటీ నుంచి వచ్చింది, ప్రయాణం బిళ్ళల నుంచి వచ్చింది. మనిషి పేరు ఎక్కడ దొరుకుతుంది? మన ఊళ్లలో చాకలి బట్ట మూలన పెట్టే గుర్తు లాంటిదే అమెరికా సైన్యంలోనూ ఉండేది. ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీసు నంబరులో చివరి నాలుగు అంకెలు. వేలమంది బట్టలు ఒకేచోట ఉతికే పద్ధతిలో ఎవరి బట్ట వాళ్లకు చేరడానికి దీన్ని కాలరు లోపల, అస్తరు మీద, నడుము పట్టీ లోపల సిరాతో వేసేవారు. కోటు మొత్తంలో ఒక ఫలానా మనిషిని చూపించగల గుర్తు చాలాసార్లు ఇదొక్కటే. తెలియనివాళ్లు మరక అనుకుని ముందుగా తుడిచేసేదీ దీన్నే.

అమెరికా జాతీయ అభిలేఖాగారం 1938 నుంచి 1946 వరకు సైన్యంలో చేరినవాళ్ల వివరాలు సుమారు 90 లక్షలు ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది. పేరు, పూర్తి నంబరు, పుట్టిన సంవత్సరం, రాష్ట్రం, కౌంటీ, చేరిన తేదీ, చదువు, అంతకుముందు చేసిన పని అందులో ఉంటాయి. ఒక అక్షరం, నాలుగు అంకెలు పట్టుకుని అందులో వెతికితే ఏమవుతుంది? అక్షరాలు 26, నాలుగంకెల సంఖ్యలు 10,000. మొత్తం 2,60,000 జతలు. 90 లక్షలను వాటికి పంచితే ఒక్కో జతకు సగటున 35 మంది వస్తారు. ఎస్, ఎం లాంటి ఎక్కువమంది ఇంటిపేర్లు మొదలయ్యే అక్షరాలకు ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. అరుదైన అక్షరాలకు బాగా తగ్గుతుంది. అంటే చాకలి గుర్తు మన చేతికి ఒక పేరును ఇవ్వదు, ఒక చిన్న జాబితాను ఇస్తుంది. మొదట కనిపించిన పేరునే కోటు యజమానిగా ప్రకటించేవాళ్లు ఈ లెక్క మరిచిపోతున్నారు.

జాబితాను కుదించడానికి మిగతా గుర్తులు మళ్లీ పనికొస్తాయి. ఏటవాలు పట్టీ మూడేళ్లు అంటే 1945 చివర్లో చేరినవాళ్లు యుద్ధం ముగిసిన తొలి రోజుల కోటుకు యజమానులు కాలేరు. పూర్తి నంబరు ఆరంభం ఇంకొంత చెబుతుంది. తమంతట తాముగా చేరినవాళ్లకు 1తో, నేషనల్ గార్డు నుంచి వచ్చినవాళ్లకు 2తో, నిర్బంధంగా పిలిపించినవాళ్లకు 3తో, ఆ తర్వాత 4తో నంబర్లు మొదలయ్యేవి. రెండో అంకె చాలావరకు ప్రాంతాన్ని చూపుతుంది. 36తో మొదలైతే ఇలినాయ్, మిషిగన్, విస్కాన్సిన్ వైపు నుంచి పిలిపించినవాడు. కోటు ఏ ఊరి ఇంట్లో దొరికిందో తెలిస్తే ఆ ప్రాంతంతో పోల్చవచ్చు. ఇలా ముప్పై అయిదు మంది ముగ్గురు కావచ్చు, ఒక్కోసారి ఒక్కరే మిగలవచ్చు. ముగ్గురి దగ్గర ఆగిపోతే ‘ఈ ముగ్గురిలో ఒకరు’ అని రాయడమే నిజాయితీ. ఇష్టమైన పేరును ఎంచుకోవడం చరిత్ర అనిపించుకోదు.

మూడు అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం కుటుంబాలది. తాత చెప్పిన మాటకంటే గుడ్డ ముక్క మీది అచ్చు గొప్పదా అని అడుగుతారు. ఆ బాధ న్యాయమైనదే. చీటీకి ప్రేమ తెలియదు, భయం తెలియదు, తోటివాడు పక్కన కూలిపోవడం తెలియదు. అవి ఇంటి మాటల్లోనే బతుకుతాయి. అయితే ఇంటి మాట అనుభవాన్ని భద్రంగా మోసినంత గట్టిగా దళం నంబరును, నెలను, ఊరి పేరును మోయలేదు. మూడు తరాలు దాటేసరికి ‘బర్మా వైపు సరుకు తోలాడు’ అన్నది ‘బర్మాలో పోరాడాడు’ అవుతుంది. సరుకు తోలడం చిన్న పనేమీ కాదు. లెడో రోడ్డు మీద లారీ నడిపిన మనిషికి లేని యుద్ధాన్ని అంటగడితే అతను చేసిన అసలు పని కనుమరుగవుతుంది. పరీక్ష పెట్టడం పెద్దలను అవమానించడం కాదు. వాళ్లు నిజంగా చేసిన పనిని వాళ్లకే దక్కించడం.

రెండో అభ్యంతరం అనుభవజ్ఞులైన సేకర్తలది. చీటీని సైతం నకిలీ చేయగలరు, ఇక దాన్ని మాత్రం ఎందుకు నమ్మాలంటారు. నిజమే, సినిమాల కోసం, వేడుకల కోసం అచ్చం పాతవాటిలా కుట్టే జాకెట్లకు చీటీలు కూడా అచ్చువేస్తున్నారు. కానీ ఇక్కడ నమ్మకం చీటీ ఒక్కదాని మీద నిలబడటం లేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని సాక్షులు ఒకే మాట చెబుతున్నారా అన్నదాని మీద నిలబడుతోంది. బట్ట నేత, దారం, చీటీ వెలిసిన తీరు, బిళ్ళ కింది నీడ, చాకలి గుర్తు, రిబ్బన్ల లెక్క అన్నిటినీ కలిపి నకిలీ చేయాలంటే ఆ కాలపు సైన్యం పద్ధతులన్నీ తెలిసి ఉండాలి. కోటు అమ్మితే వచ్చే డబ్బుకు ఆ శ్రమ గిట్టుబాటు కావడం అరుదు. నకిలీ చేసేవాడు కొనేవాడి కన్ను పడే చోటే శ్రమపడతాడు, అంటే బిళ్ళ మీద. చూడనిచోట పొరపాటు చేస్తాడు. కనిపించని గుర్తులకే ఎక్కువ విలువ ఇవ్వమని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. గుర్తులన్నీ కుదిరినా, కోటు మీది రక్తం, చిరుగు ఎవరివో ఎలా తెలుస్తాయి? దీనికి లండన్ నగరపు గ్రీనిచ్‌లోని జాతీయ నౌకా మ్యూజియంలో ఉన్న అడ్మిరల్ నెల్సన్ కోటు మంచి సమాధానం. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధంలో ఆయన తొడిగిన కోటు అది. ఎడమ భుజం దగ్గర తూటా రంధ్రం ఇప్పటికీ ఉంది. నెల్సన్ మరణం తర్వాత అది ఆయన ప్రియురాలు లేడీ హామిల్టన్ చేతికి, ఆమె అప్పుల కింద లండన్‌లోని ఒక నగర పెద్ద చేతికి వెళ్లింది. 1845లో విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ దాన్ని కొని గ్రీనిచ్‌కు ఇచ్చాడు. చేతులు మారిన ప్రతి మలుపూ తెలిసిన కోటు ఇది. ఇంత ఉండి కూడా దాని చేతి మీద, వెనక అంచుల మీద ఉన్న రక్తం చాలావరకు నెల్సన్‌ది కాదని, ఆయన కార్యదర్శి జాన్ స్కాట్‌ది అయి ఉండవచ్చని మ్యూజియం చెబుతుంది. స్కాట్ అంతకుముందే ఫిరంగి గుండుకు బలైన చోటే నెల్సన్ కూలాడు. ప్రపంచంలో ఇంత పేరున్న కోటు విషయంలోనే మరకను చూసి పేరు పెట్టడానికి పండితులు వెనకాడితే, పెట్టెలో దొరికిన కోటు విషయంలో మనం ఇంకెంత ఆచితూచి మాట్లాడాలి? చేతులు మారిన వరస రాసిపెట్టకపోతే, ఎంత గొప్ప పరిశోధన చేసినా బట్ట దగ్గరే ఆగిపోతుంది.

మన ఇళ్లలో

ఈ వివేకం మనకూ అవసరం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం సుమారు 25 లక్షలకు చేరింది. వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. మద్రాస్ సాపర్స్‌లో, యుద్ధకాలంలో మళ్లీ లేచిన మద్రాస్ రెజిమెంట్‌లో, రవాణా, వైద్య దళాల్లో మనవాళ్లు పనిచేశారు. పశ్చిమ గోదావరిలో తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపి ‘మిలిటరీ మాధవరం’ అనిపించుకున్న ఊరే ఉంది. నిజాం సంస్థానపు హైదరాబాద్ లాన్సర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా వైపు వెళ్లారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సైనికులదే.

మన కోట్లకు చదవాల్సిన గుర్తులు వేరు, పద్ధతి ఒకటే. బట్ట మీద లేదా చీటీ మీద బాణం గుర్తుతో పాటు ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం ముద్ర ఉంటే అది బ్రిటిష్ కాలంలో భారత ప్రభుత్వపు సరుకు. గుండీల మీద, బిళ్ళల మీద కిరీటాన్ని చూడండి. విక్టోరియా తర్వాతి రాజుల కాలానికి ఒక కిరీటం, 1953 నుంచి బ్రిటన్‌లో రాణి ఎలిజబెత్ కాలానికి మరో కిరీటం. మన సైన్యంలో 1950 జనవరి 26 నుంచి కిరీటం స్థానంలో అశోక సింహాలు వచ్చాయి. కాబట్టి సింహాల గుండీలున్న కోటు బర్మా యుద్ధం చూసే అవకాశం లేదు, గుండీలు తర్వాత మార్చి ఉంటే తప్ప. భుజాన ఎర్ర గద్ద ఉంటే 4వ భారత డివిజన్. డాలు మీద కిందికి దిగిన కత్తి ఉంటే జనరల్ స్లిమ్ నడిపిన 14వ సైన్యం, అంటే 1943 చివరి తర్వాతి కాలం. అయితే డివిజన్ గుర్తు రెజిమెంటును చెప్పదు. ఒకే గుర్తు కింద భారత, బ్రిటిష్, గూర్ఖా బెటాలియన్లు కలిసి పనిచేశాయి. అందుకే కోటు ఒక్కటే ఉంటే ఆగిపోకండి. పాత పతకాల అంచుల మీద, వెనక వైపున నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉన్నాయేమో చూడండి. భారత సైనికులకు ఇచ్చినవాటిలో ఇది మామూలే. పింఛను పుస్తకం, విడుదల చీటీ ఉంటే అవి కోటుకంటే పెద్ద సాక్షులు. వాటిలోని నంబరుతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని, రెజిమెంటు రికార్డు కార్యాలయాన్ని అడగవచ్చు. మద్రాస్ రెజిమెంట్ కేంద్రం వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్స్ కేంద్రం బెంగళూరులో ఉన్నాయి.

ఇంత కష్టపడి ఒక పాత కోటు గురించి తెలుసుకుంటే ఒరిగేదేమిటని అనిపించవచ్చు. పెద్ద సైన్యాధిపతుల చరిత్ర పుస్తకాల్లో ఉంది. వంట చేసినవాడు, వంతెన కట్టినవాడు, గాయాలకు కట్లు కట్టినవాడు, లారీ తోలినవాడు అందులో లేరు. వాళ్లు చేసిన సేవకు చాలాచోట్ల మిగిలిన ఆధారం ఈ బట్టే. అందుకే మీ ఇంట్లో అలాంటి కోటు ఉంటే దాన్ని ఉతకవద్దు, ఇస్త్రీ చేయవద్దు, ఊడిన బిళ్ళను కొత్త దారంతో కుట్టవద్దు. లోపలా బయటా ఫొటోలు తీయండి. చీటీ మీది ప్రతి అక్షరాన్ని, ప్రతి అంకెను ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. అది ఎవరిది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, ఈ మాట ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అన్నవి ఒక కాగితం మీద రాసి కోటుతోపాటు దాచండి. పెద్దవాళ్లు ఉండగానే ఆ పని చేయండి. సైన్యం రాసిన చీటీ సగం చరిత్రే చెబుతుంది, మిగతా సగం రాయాల్సింది ఇంటివాళ్లే.